విశాఖ నుంచి నేపాల్‌కు రసాయనాలు: ఏ సరుకుకు ఏ దారి గిట్టుబాటు

నేపాల్‌కు రసాయనాలు పంపాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది కంటైనర్‌కు బాడుగ ఎంత అని. దానికంటే ముందు తెలుసుకోవాల్సింది సరుకు దిగే ఫ్యాక్టరీ ఎక్కడుందన్నది. నేపాల్ పరిశ్రమలు ప్రధానంగా తెరాయిలో (దక్షిణాన మన సరిహద్దు వెంట ఉన్న మైదానంలో) మూడు చోట్ల గుమిగూడి ఉన్నాయి. బీర్‌గంజ్ నుంచి పథ్లయ్యా, సిమరా వరకు ఒక వరుస. తూర్పున బిరాట్‌నగర్, దుహబీ, ఇటహరి వైపు ఒకటి. పడమరన భైరహవా, బుట్వల్ దగ్గర మరొకటి. ఈ మూడింటికీ మనవైపు ఎదురుగా ఉన్న రైల్వే స్టేషన్లు వరుసగా రక్సౌల్, జోగ్బని, నౌతన్వా. విశాఖ రేవు గెలుస్తుందా, కోల్‌కతా–హల్దియా గెలుస్తుందా అన్నది సగం వరకు ఇక్కడే తేలిపోతుంది.

దూరం లెక్కలో విశాఖకు మొదటే దెబ్బ. కోల్‌కతా నుంచి రక్సౌల్‌కు రైలు దారి సుమారు 700 కిలోమీటర్లు. విశాఖ నుంచి అయితే దాదాపు 1,400. అంటే రెట్టింపు. అయినా విశాఖ ఎందుకు లెక్కలోకి వస్తోందంటే, రైలు ఎక్కకముందు సముద్రం మీద జరిగే ఖర్చు వల్ల. కోల్‌కతా నది మీది రేవు. సముద్రం నుంచి 200 కిలోమీటర్లకు పైగా హుగ్లీలో పైలట్ సాయంతో, పోటు చూసుకుని ఓడ పైకి రావాలి. హల్దియా దానికంటే కిందే ఉన్నా అక్కడా ఇసుక మేటల బెడద తప్పదు. పెద్ద ఓడ నిండు సరుకుతో హల్దియాకు వెళ్లలేదు. ముందు విశాఖలోనో, పారాదీప్‌లోనో కొంత దించి తేలికపడి వెళ్తుంది. విశాఖలో ఆ ఇబ్బంది లేదు. డాల్ఫిన్స్ నోస్ చాటున ఉన్న సహజ రేవు, బయటి హార్బర్‌లో లోతైన బెర్తులు, పక్కనే గంగవరం. సగం సరుకు ఎలాగూ ఇక్కడే దిగుతున్నప్పుడు నేపాల్ వాటా కూడా ఇక్కడే దించేస్తే ఓడకు రెండో రేవు తిరుగుడు తప్పుతుంది. విశాఖ బలం అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. మీ సరుకు ఆ కోవలోకి రాకపోతే విశాఖ మీద అభిమానం కోసం డబ్బు పోగొట్టుకోకండి.

ఎగుమతా, ట్రాన్సిట్టా: ఇది తేలందే కొటేషన్ అడగొద్దు

ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లే చాలా పొరపాట్లు జరుగుతాయి. మన రాష్ట్రంలో తయారైన రసాయనాన్ని నేపాల్‌కు అమ్మితే అది ఎగుమతి. బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ (ఎగుమతి పత్రం) వేసి, లారీలోనో రైల్లోనో నేరుగా సరిహద్దుకు పంపుతాం. రేవుతో పని లేదు. చైనా నుంచో, గల్ఫ్ నుంచో నేపాల్ కొనుగోలుదారు పేరు మీద ఓడలో వచ్చి మన నేల మీదుగా దాటిపోయేది ట్రాన్సిట్. దాని మీద భారత సుంకం పడదు, కానీ సరుకు మధ్యలో మన మార్కెట్లోకి జారిపోకుండా చూసే నిబంధనలన్నీ వర్తిస్తాయి. ట్రాన్సిట్ ఒప్పందాన్ని 2023 జూన్ 1న కొత్తగా సంతకాలతో పొడిగించారు. నేపాల్ సరుకుకు విశాఖ రేవు వాడుకునే వీలు 2016 ఫిబ్రవరిలో ఇచ్చిపుచ్చుకున్న లేఖలతో వచ్చింది.

ఎగుమతి అయితే ఒక చేదు నిజం ముందే ఒప్పుకోవాలి. కాస్టిక్ లై (నీళ్లలో కరిగిన కాస్టిక్ సోడా) లాంటి చవక ద్రవాన్ని గోదావరి జిల్లాల నుంచి, విశాఖ నుంచి ట్యాంకర్‌లో రక్సౌల్ పంపి గిట్టుబాటు చేసుకోవడం దాదాపు అసాధ్యం. జార్ఖండ్‌లోని రెహ్లాలో, ఉత్తరప్రదేశ్‌లోని రేణుకూట్‌లో కాస్టిక్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. అవి నేపాల్‌కు మనకంటే ఎంతో దగ్గర. మన ట్యాంకర్ వెళ్లేటప్పుడు సగం నీళ్లు మోస్తుంది, వచ్చేటప్పుడు గాలి మోస్తుంది. కాస్టిక్ మోసిన ట్యాంకర్‌లో తిరుగు సరుకుగా ఇంకేదీ ఎక్కించలేం. కడిగించాలి, కడిగిన నీళ్లను శుద్ధి చేయించాలి. అదే ఫ్లేక్స్ (పొడి రేకుల) రూపంలో అయితే కథ వేరు.

పెట్టె బాడుగ చూడకండి, అసలు పదార్థం టన్నుకు ఎంతో చూడండి

లెక్క సులువుగా ఉండటానికి విశాఖ నుంచి బీర్‌గంజ్‌కు ఒక 20 అడుగుల కంటైనర్‌కు అన్నీ కలిపి లక్ష రూపాయలు అనుకుందాం. ఇది ధర కాదు, లెక్క కోసం తీసుకున్న అంకె.

50 శాతం కాస్టిక్ లై ఐసో ట్యాంక్‌లో (కంటైనర్ సైజు చట్రంలో బిగించిన ట్యాంక్‌లో) 25 టన్నులు ఎక్కుతుంది. అందులో అసలు కాస్టిక్ 12.5 టన్నులే. టన్నుకు బాడుగ 8,000 రూపాయలు. పైగా ఖాళీ ట్యాంక్‌ను వెనక్కి తేవాలి. ఫ్లేక్స్ అయితే అదే సైజు కంటైనర్‌లో 24 టన్నులు పడితే, 98 శాతం శుద్ధి లెక్కన 23.5 టన్నుల కాస్టిక్. టన్నుకు సుమారు 4,250 రూపాయలు. దూరం పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. కాబట్టి కోల్‌కతా దారిలో లై పంపినా సరిపెట్టుకోవచ్చేమో గానీ, విశాఖ దారిలో ఫ్లేక్స్ తప్ప వేరే మాట వద్దు.

సోడా యాష్‌లో ఇదే తేడా ఇంకో రూపంలో వస్తుంది. లైట్ రకం సాంద్రత ఘనమీటరుకు 0.5–0.6 టన్ను, డెన్స్ రకం 1 టన్ను లేదా కాస్త ఎక్కువ. 20 అడుగుల కంటైనర్ లోపల 33 ఘనమీటర్ల జాగా ఉంటుంది. లైట్ రకం 18 టన్నులకే కప్పు తగులుతుంది, డెన్స్ రకం 26 టన్నులదాకా వెళ్తుంది. లక్ష బాడుగ మీద టన్నుకు 5,550 ఒకటి, 3,850 ఒకటి. గాజు ఫ్యాక్టరీలు ఎలాగూ డెన్స్ రకమే అడుగుతాయి. సబ్బు, డిటర్జెంట్ వాళ్లు లైట్ అడుగుతారు. వాళ్లకు దగ్గరి రేవే మంచిది.

దీనికి తోడు వడ్డీ, డిటెన్షన్ (కంటైనర్‌ను ఆలస్యంగా తిరిగిస్తే పడే రుసుము). 25 టన్నుల సరుకు టన్నుకు 60,000 చొప్పున 15 లక్షలు. ఏడాదికి 12 శాతం వడ్డీ వేసుకుంటే పది రోజుల ఆలస్యానికి సుమారు 4,900 రూపాయలు. ఇది భరించగలిగిందే. అసలు నష్టం ఓడ కంపెనీ ఇచ్చిన ఉచిత రోజులు అయిపోయాక మొదలయ్యే డిటెన్షన్‌లో ఉంది. అది రోజుకు ఇంతని డాలర్లలో పడుతుంది, రోజులు గడిచేకొద్దీ రేటు పెరుగుతుంది, ఐసో ట్యాంక్ అయితే ఇంకా ఎక్కువ. నేపాల్‌కు వెళ్లే కంటైనర్లు ఎక్కువ, సరుకుతో వచ్చేవి తక్కువ. ఖాళీ కంటైనర్‌ను ఎక్కడ అప్పగించాలన్నది బుకింగ్ రోజే రాయించుకోండి. బీర్‌గంజ్‌లోనే తీసుకుంటామంటే ఒక లెక్క, కోల్‌కతా యార్డుకు తెచ్చివ్వాలంటే ఇంకో లెక్క. విశాఖకే తేవాలంటే ఆ కొటేషన్ పక్కన పెట్టేయడం మేలు.

మూడు రైలు దారులు

విశాఖ నుంచి బీర్‌గంజ్. రక్సౌల్ దాటాక సిర్సియా డ్రై పోర్టు దాకా బ్రాడ్ గేజ్ పట్టాలే ఉన్నాయి, అంటే సరిహద్దు దగ్గర దించి ఎక్కించే పని లేదు. ఆమ్లం మోసేవాళ్లకు ఇది పెద్ద ఊరట. ప్రతి దించుడూ ఒక లీకు అవకాశమే. ఇబ్బందల్లా రైలు నిండటంలో ఉంది. కంటైనర్ రేక్ అంటే 45 వ్యాగన్లు, 20 అడుగులవి 90 పట్టాలి. విశాఖలో నేపాల్ కంటైనర్లు కోల్‌కతాలో దొరికినన్ని దొరకవు. మీవి పది కంటైనర్లయితే మిగతా ఎనభై పోగయ్యేదాకా యార్డులో ఆగుతాయి, ఆ రోజులకు నేల అద్దె మీదే. అందుకని రైలు ఆపరేటర్‌ను "ఎన్ని రోజుల్లో చేరుతుంది" అని కాకుండా "గత రెండు నెలల్లో బీర్‌గంజ్‌కు ఏయే తేదీల్లో రేక్ కదిలింది" అని అడగండి. తేదీలు చెప్పలేకపోతే ఆ సర్వీసు కాగితం మీదే ఉందని అర్థం. 2021 జులైలో రైలు ఒప్పందాన్ని మార్చి ప్రైవేటు కంటైనర్ రైళ్లకు కూడా దారి ఇచ్చారు కాబట్టి ఒక్క ఆపరేటర్ దగ్గరే ఆగక్కర్లేదు.

కోల్‌కతా లేదా హల్దియా నుంచి బీర్‌గంజ్, జోగ్బని. చిన్న లాట్లకు ఇదే దారి. రేకులు తరచుగా కదులుతాయి, నేపాల్ కాగితాలు తెలిసిన క్లియరింగ్ ఏజెంట్లు అక్కడే ఎక్కువ, ఖాళీ కంటైనర్ల అప్పగింత సులువు. బిరాట్‌నగర్ వైపు ఫ్యాక్టరీకైతే విశాఖ పోటీకి నిలవదు. బత్నాహా నుంచి బిరాట్‌నగర్ కస్టమ్స్ యార్డుకు రైలు లింకు మీద గూడ్సు రైలును 2023 జూన్ 1న ప్రారంభించారు. కోల్‌కతా దారి బలహీనత సముద్రం వైపు. అక్కడికి వచ్చే కంటైనర్లలో ఎక్కువ భాగం కొలంబోలోనో, సింగపూర్‌లోనో పెద్ద ఓడ దిగి చిన్న ఫీడర్ ఓడ ఎక్కుతాయి. అక్కడ రద్దీ ఉంటే రోజులు పోతాయి. ప్రమాదకర సరుకునైతే ఫీడర్ ఓడలు ఇంకా వెనక్కి నెడతాయి. క్లాస్ 3 (మండే ద్రవాలు), క్లాస్ 5.1 (ఆక్సిడైజర్లు) సరుకులకు డెక్ మీద స్థలం పరిమితం.

విశాఖ నుంచి నౌతన్వా. మా ఉద్దేశంలో విశాఖవాళ్లు దృష్టి పెట్టాల్సింది ఈ దారి మీద. 2025 నవంబర్ 13న భారత్, నేపాల్ ట్రాన్సిట్ ఒప్పందపు ప్రోటోకాల్‌ను సవరిస్తూ లేఖలు మార్చుకున్నాయి. జోగ్బని–బిరాట్‌నగర్ మధ్య బల్క్ సరుకుతో సహా రైలు రవాణాకు వీలు కల్పిస్తూ, కోల్‌కతా–జోగ్బని, కోల్‌కతా–నౌతన్వా, విశాఖపట్నం–నౌతన్వా మార్గాలకూ ఆ సడలింపు వర్తింపజేశాయి. భైరహవా–బుట్వల్ ఫ్యాక్టరీలు బీర్‌గంజ్ మీదుగా తెప్పించుకుంటే నేపాల్ లోపల మళ్లీ లారీ మీద పడమరకు తిరగాలి. నౌతన్వాలో దిగితే సునౌలి సరిహద్దు కొద్ది కిలోమీటర్లే. ఆ వైపు వెళ్లే రైలుకు బెంగాల్ తగలాల్సిన పనే లేదు. విజయనగరం నుంచి రాయ్‌పూర్ మీదుగా లోపలి దారి ఉంది. లోపం ఏమిటంటే నౌతన్వాలో రైలు ఆగిపోతుంది, చివరి ముక్క రోడ్డు మీదే. కాబట్టి ఇది సంచుల సరుకుకు, పొడి సరుకుకు తగిన దారి. ఐసో ట్యాంక్ పంపాలంటే అక్కడ 30 టన్నుల కంటైనర్ ఎత్తే యంత్రం ఉందో లేదో, ఉంటే ఆ వారం పనిచేస్తోందో లేదో కనుక్కున్నాకే పంపాలి.

పొడి బల్క్: విశాఖ గట్టిగా నిలబడే చోటు

నేపాల్‌లో రసాయన ఎరువుల ఫ్యాక్టరీ లేదు. యూరియా, డీఏపీ, పొటాష్ మొత్తం బయటి నుంచే. కృషి సామగ్రి కంపెనీ, సాల్ట్ ట్రేడింగ్ కార్పొరేషన్ టెండర్లు పిలుస్తాయి. ఒక్కో లాటు వేల టన్నుల్లో ఉంటుంది. ఇలాంటి సరుకుకు కంటైనర్ అక్కర్లేదు, మూసిన వ్యాగన్ల రేక్ కావాలి. కొత్త రకం 58 వ్యాగన్ల రేక్ 3,800 నుంచి 4,000 టన్నులు మోస్తుంది. పాత రకం 41–42 వ్యాగన్లది 2,600 టన్నుల దగ్గర. టన్నుకు బాడుగలో కంటైనర్ దీనికి సాటి రాదు.

ఓడ నుంచి వదులుగా దించి, రేవు గోదాములో సంచుల్లో నింపి, కుట్టి, రేక్ ఎక్కించాలి. తప్పులు జరిగేది ఇక్కడే. మన యూరియా సంచి 2018 నుంచి 45 కిలోలు. నేపాల్ టెండర్ అడిగేది 50 కిలోలు. తూకం యంత్రాన్ని మార్చకుండా పాత అమరికతోనే నింపితే రేక్ మొత్తానికి తూకం గొడవ. సంచి మీద ముద్ర కూడా టెండర్‌లో రాసినట్టే ఉండాలి. ఇక్కడి సబ్సిడీ సంచి ఒక్కటి కలిసినా కస్టమ్స్ లాటు మొత్తాన్ని ఆపి ప్రశ్నిస్తుంది, అది న్యాయమే కూడా. సబ్సిడీ యూరియా సరిహద్దు దాటడం ఎప్పటినుంచో ఉన్న జబ్బు.

రేక్ ఎక్కించడానికి రైల్వే ఇచ్చే ఉచిత గంటలు కొన్నే. 4,000 టన్నులంటే 80,000 సంచులు. కళాసీల ముఠాలు రెండు షిఫ్టులకు సరిపడా ఉన్నాయో లేదో, సంచులు ముందే నింపి నిల్వ చేశారో లేదో చూసుకున్నాకే రేక్‌కు ఇండెంట్ (రైల్వేకు ఇచ్చే కోరిక పత్రం) పెట్టాలి. ఓడ నుంచి దించుతూ, అప్పుడే నింపుతూ, అప్పుడే ఎక్కిద్దామనుకుంటే వాన పడిన పూట డెమరేజ్ (వ్యాగన్లను గడువు దాటి ఆపినందుకు రైల్వే వేసే రుసుము) మొదలవుతుంది. విశాఖలో జూన్ నుంచి నవంబర్ దాకా వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం. అక్టోబర్ మొదలు డిసెంబర్ వరకు తుపాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ రేవు మీదుగానే పోయింది.

గాలిలో తేమ లాగేసే సరుకులకు ఇంకో చిక్కు కంటైనర్ లోపలి చెమట. విశాఖ ఉక్కలో తలుపులు మూసిన కంటైనర్ నాలుగు రోజుల తర్వాత తెరాయి చలిలో నిలబడితే లోపలి తేమంతా కప్పుకు పట్టి సంచుల మీద చుక్కలుగా రాలుతుంది. సోడా యాష్, కాస్టిక్ ఫ్లేక్స్, కాల్షియం క్లోరైడ్ పై వరుస గడ్డకట్టి వచ్చిందంటే కారణం ఇదే, "సరుకు నాసి" అని అమ్మినవాణ్ని నిందించి లాభం లేదు. లోపల పాలిథిన్ పొర ఉన్న సంచులు, కంటైనర్ గోడలకు క్రాఫ్ట్ కాగితం, పైన వేలాడే తేమ పీల్చే సంచులు పెట్టాలి. తడి చెక్క ప్యాలెట్లు వాడకూడదు. వాన వెలిసిన వెంటనే కాకుండా ఎండ పొద్దున సరుకు నింపాలి.

ద్రవాలు: ట్యాంక్ సైజు, చలి, కుదుపు

ద్రవాల్లో దారి ఎంపిక కంటే ట్యాంక్ ఎంపికలోనే ఎక్కువ మంది దెబ్బతింటారు. పెద్ద ట్యాంక్ తీసుకుంటే చవకేమో అనిపిస్తుంది. లెక్క వేయండి. అడ్డు పలకలు లేని ట్యాంక్‌ను కనీసం 80 శాతం నింపాలన్నది ప్రమాదకర సరుకుల అంతర్జాతీయ నిబంధన. సగం నిండిన ట్యాంక్‌లో ద్రవం ముందుకీ వెనక్కీ ఊగి లారీని పడగొడుతుంది. 24,000 లీటర్ల ట్యాంక్‌లో 50 శాతం కాస్టిక్ లై 80 శాతం పోస్తే 19,200 లీటర్లు. లీటరు 1.53 కిలోలు, మొత్తం 29.4 టన్నులు. ట్యాంక్ బరువు మూడున్నర టన్నులు కలిపితే మామూలు 20 అడుగుల కంటైనర్ పరిమితి 30.48 టన్నులు దాటిపోతుంది. తక్కువ పోస్తే 80 శాతం నిబంధన తప్పుతుంది. అంటే ఆ పరిమితిలో ఆ ట్యాంక్ ఈ సరుకుకు పనికిరాదు. 17,500 లీటర్లది తీసుకుని 95 శాతం నింపితే 25.4 టన్నులు, చక్కగా సరిపోతుంది. 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం లీటరు 1.84 కిలోలు. అదే 17,500 లీటర్ల ట్యాంక్‌లో 80 శాతానికే 25.8 టన్నులు వస్తుంది. అంతకంటే పెద్దది తీసుకుంటే అడ్డు పలకలున్నదే తీసుకోవాలి.

చలి రెండో శత్రువు, విశాఖవాళ్లకు అలవాటు లేనిది. ఇక్కడ జనవరిలో కూడా ఫ్యాన్ తిరుగుతుంది. బీర్‌గంజ్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు పది డిగ్రీల లోపుకు పోతాయి, పొగమంచుతో సూర్యుడు రోజుల తరబడి కనిపించడు. 50 శాతం కాస్టిక్ లై 12 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 16.6 డిగ్రీలకే గట్టిపడుతుంది. రక్సౌల్ యార్డులో నాలుగు రోజులు ఆగిన ట్యాంక్ వాల్వు తిప్పితే చుక్క రాదు. ఎసిటిక్ ఆమ్లం 39 డిగ్రీల దగ్గరే మంటను అందుకునే ఆవిరినిస్తుంది, కాబట్టి మంట పెట్టి, వాల్వు మీద నేరుగా ఆవిరి కొట్టి కరిగించే ప్రయత్నం ప్రాణాంతకం. గోరువెచ్చని నీళ్లు కాయిల్‌లో తిప్పాలి, గంటల తరబడి ఓపిక పట్టాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఈ రెండింటినీ ఆవిరి కాయిల్, పైన ఇన్సులేషన్ ఉన్న ట్యాంకులోనే పంపండి. దిగే ఫ్యాక్టరీలో బాయిలర్ గొట్టం ఆ కాయిల్ జాయింటుకు సరిపోతుందో లేదో ఫోటో తెప్పించుకుని చూడండి. అంత హంగు లేకపోతే ఆ నాలుగు నెలలూ కాస్టిక్ ఫ్లేక్స్‌కు, ఎసిటిక్ డ్రమ్ములకు మారిపోండి. డ్రమ్మును వెచ్చని గదిలో పెడితే కరుగుతుంది.

దారి పొడవు ఇక్కడే ముఖ్యమవుతుంది. స్టైరీన్ లాంటి తనంతట తాను పాలిమర్‌గా మారే ద్రవాలకు నిరోధకం కలిపి పంపుతారు. ఆ నిరోధకం రోజురోజుకూ ఖర్చవుతుంది, వేడిలో ఇంకా త్వరగా అయిపోతుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకై ఏం జరిగిందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. నిల్వ ట్యాంక్‌లో ఉష్ణోగ్రత పెరిగితే ఆ ద్రవం ఆవిరై ఊరి మీదకు ఎలా వస్తుందో చూసినవాళ్లం. అలాంటి సరుకును ఏప్రిల్, మే నెలల్లో, రేక్ ఎప్పుడు కదులుతుందో తెలియని యార్డులో పెట్టకూడదు. బాడుగ ఎంత తక్కువైనా సరే, పెట్టకూడదు. ఎక్కించే రోజు నిరోధకం ఎన్ని పీపీఎం ఉందో, ఎన్నాళ్లకు సరిపోతుందో సర్టిఫికెట్‌లో ఉండాలి. ప్రయాణానికి పట్టే రోజులకు రెట్టింపు గడువు లేకపోతే సరుకు కదలకూడదు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌కైతే గాలి వదిలే వాల్వు ఉన్న, ఇంతకుముందు వేరే రసాయనం మోయని ట్యాంక్ కావాలి. తుప్పు రేణువులు పడినా అది విచ్ఛిన్నమై వేడెక్కుతుంది.

ఫాస్ఫారిక్ ఆమ్లం విశాఖకు బాగా పరిచయమైన సరుకు, ఎరువుల కోసం ఓడల్లో దిగుతూనే ఉంటుంది. దాన్ని రైల్లో దూరం పంపితే అడుగున బురద పేరుకుంటుంది. ఫ్యాక్టరీలో పై వాల్వు నుంచి లాగితే చివరి టన్ను రాదు. అడుగు వాల్వున్న ట్యాంక్, రబ్బరు లైనింగ్ లేదా 316ఎల్ స్టీలు అడగండి.

ఫ్లెక్సీ ట్యాంక్ (కంటైనర్ లోపల పరిచి ద్రవం నింపే పెద్ద సంచి) గురించి ఒక్క మాట. గ్లిజరిన్, లేటెక్స్, బేస్ ఆయిల్ లాంటి ప్రమాదం లేని ద్రవాలకే అది. ఖాళీ ట్యాంక్ వెనక్కి తెచ్చే బాధ లేదు కాబట్టి ఈ సరుకుల్లో విశాఖ దారి కూడా నిలబడుతుంది. కానీ రైలు షంటింగ్ కుదుపుకు సంచి చిరిగేది వాల్వు మెడ దగ్గరే. తలుపు వైపు ఇనుప అడ్డుగోడ సరిగ్గా బిగించిందో లేదో సీలు వేయకముందే చూడాలి.

కాగితాలు: ఎవరి పేరు మీద, ఎక్కడిదాకా

బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదులో) చేరాల్సిన చోటు "విశాఖపట్నం" అని రాస్తే ఓడ కంపెనీ బాధ్యత ఇక్కడితో అయిపోతుంది. నేపాల్ కొనుగోలుదారు ఇక్కడ ఏజెంటును పెట్టుకుని కస్టమ్స్ ట్రాన్సిట్ డిక్లరేషన్ వేయించాలి. సరుకు సున్నిత జాబితాలో ఉంటే సుంకానికి సరిపడా పూచీ చూపాలి. ఒరిజినల్ కాగితాలు ఖాట్మండు బ్యాంకు నుంచి వచ్చేదాకా కంటైనర్ కదలదు, ఆ రోజులకు అద్దె మామూలే.

"బీర్‌గంజ్" అని థ్రూ బిల్లు (చివరి చోటిదాకా ఒకే బిల్లు) తీసుకుంటే ఎలక్ట్రానిక్ కార్గో ట్రాకింగ్ పద్ధతి వర్తిస్తుంది. 2019లో తెచ్చిన ఆ నిబంధనల ప్రకారం ట్రాన్‌షిప్‌మెంట్ దరఖాస్తు ఓడ కంపెనీ వేస్తుంది, కంటైనర్‌కు ఉపగ్రహంతో జాడ తెలిసే ఎలక్ట్రానిక్ సీలు పడుతుంది, సరిహద్దు దాటేదాకా పూచీ వాహకుడిది. కొనుగోలుదారు బీర్‌గంజ్‌లోనే కస్టమ్స్ చేసుకుంటాడు. కంటైనర్ సరుకుకు ఇదే సరైన పద్ధతి, వేరే ఆలోచన అక్కర్లేదు. పేచీ అల్లా సీలు దగ్గరే వస్తుంది. బ్యాటరీ అయిపోయి సంకేతం ఆగినా, షంటింగ్‌లో తీగ తెగినా రక్సౌల్‌లో కంటైనర్ పక్కకు లాగుతారు. విశాఖ యార్డు గేటు దాటేటప్పుడే సీలు నంబరు కనిపించేలా నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకుంటే వాదన సగం తగ్గుతుంది.

ప్రమాదకర సరుకుకు యూఎన్ నంబరు (రసాయనాన్ని గుర్తించే అంతర్జాతీయ అంకె) ప్రతి కాగితంలో ఒకేలా ఉండాలి. కాస్టిక్ ఫ్లేక్స్ 1823, లై 1824, సల్ఫ్యూరిక్ 1830, ఫాస్ఫారిక్ 1805, గ్లేషియల్ ఎసిటిక్ 2789. ఫ్లేక్స్‌కు 1824 రాసిన ఒక్క పొరపాటుతో ఓడ ఎక్కకుండా ఆగిన సందర్భాలు మామూలే. రైలు వైపు రెడ్ టారిఫ్ (ప్రమాదకర సరుకులకు రైల్వే పెట్టిన) నిబంధనలు చూస్తారు. రోడ్డు ముక్కకు డ్రైవర్ దగ్గర ప్రమాదకర సరుకుల శిక్షణ సర్టిఫికెట్, ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన కార్డు), లారీ వెనక హజ్‌కెమ్ పలక (ప్రమాద సూచిక) ఉండాలి. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ లాంటివి మాదకద్రవ్యాల తయారీకి వాడే జాబితాలో ఉన్నాయి. వాటికి నార్కోటిక్స్ కమిషనర్ నుంచి నిరభ్యంతర పత్రం ముందు చేతికొచ్చాకే బుకింగ్ గురించి మాట్లాడాలి.

బంగ్లాదేశ్ సంగతి వేరు

అటు దారి ఎంచుకోవడం సులువు. చిట్టగాంగ్‌కు విశాఖ నుంచి నేరుగా సముద్రమే ఉంది. పెట్రాపోల్–బేనాపోల్ సరిహద్దులో లారీల వరుస, అవతల మళ్లీ దించి ఎక్కించడం ఆమ్లాలకు, కాస్టిక్‌కు తగవు. 2015లో కుదిరిన తీర నౌకాయాన ఒప్పందంతో చిన్న ఓడలు కూడా ఈ దారిలో తిరగవచ్చు. ఢాకా చుట్టుపక్కల అద్దకం ఫ్యాక్టరీలకు కాస్టిక్, పెరాక్సైడ్, సోడియం సల్ఫేట్ ఏడాది పొడవునా కావాలి. ఐదారు ఐసో ట్యాంకులకు మించిన లాటైతే ఓడ, అంతకు తక్కువైతే, అత్యవసరమైతే రోడ్డు.

మొదటి లాటు ఎలా పంపాలి

నేపాల్‌కు మొదటిసారి పంపుతుంటే పెద్ద లాటుతో మొదలుపెట్టకండి. రెండు కంటైనర్లు విశాఖ నుంచి, రెండు కోల్‌కతా నుంచి, ఒకే సరుకు, ఒకే వారంలో బుక్ చేయండి. దసరా ముందు వద్దు. నేపాల్‌లో దశైం, తిహార్ పండుగలకు వారాల తరబడి మనుషులు దొరకరు, దానికి ముందు పదిహేను రోజులు సరిహద్దు కిక్కిరిసి ఉంటుంది. పొగమంచు నెలలూ వద్దు. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు దారి తేటగా ఉంటుంది. వానాకాలంలో సరుకు బీర్‌గంజ్ దాటి ఖాట్మండు లోయకు పోవాలంటే నారాయణ్‌గఢ్–ముగ్లింగ్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడి రోజులు ఆగాల్సి రావచ్చు.

నాలుగు కంటైనర్లకూ ఒక కాగితం మీద తేదీలు రాయండి: ఓడ దిగిన రోజు, రేక్ కదిలిన రోజు, రక్సౌల్ చేరిన రోజు, సిర్సియాలో దిగిన రోజు, ఫ్యాక్టరీ గేటు, ఖాళీ కంటైనర్ అప్పగించిన రోజు. పక్కన ప్రతి మజిలీలో కట్టిన రసీదు మొత్తం. విశాఖవాటికి ఓడ దిగిన రోజుకూ రేక్ కదిలిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు పోయాయో చూడండి. అది వారం దాటితే రెండో లాటు కోల్‌కతా నుంచే పంపండి, లేదా 90 కంటైనర్ల రేక్‌ను పంచుకోవడానికి ఇక్కడి నుంచి నేపాల్‌కు సరుకు పంపే మరో ఇద్దరు ముగ్గురితో కలిసి నెలకు ఒక తేదీ ఖాయం చేసుకోండి.